పియానోకి చక్రాలున్నాయి

మా పిన్ని దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే రెండు: అసలు, కొసరు. మనిషి చేసే ప్రతి పనినీ మెళ్ళో వేలాడే స్టాప్‌వాచ్‌తో ఈ రెండు ముక్కలుగా కోసి, చెరో పక్కన పెడుతుంది. మీరు వాళ్ళింటికి వెళ్ళి టీ తాగి లేచారనుకోండి. మీరు చెప్పులు వేసుకునేలోపు గుమ్మంలో నిలబడి లెక్క అప్పజెబుతుంది.

"టీ తాగడం అసలు. అది నాలుగు నిమిషాలు. 'ఇంక వెళ్ళొస్తానండీ' అని మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చోవడం కొసరు. అది ముప్పావుగంట. ఏమీ అనుకోకండి, మీ ఒక్కరి సంగతే కాదు, అందరూ ఇంతే."

అందరూ అనుకునేవారు, చాలానే అనుకునేవారు. కానీ మళ్ళీ వచ్చేవారు. ఈసారి కొసరు తగ్గించి ఈవిడ నోరు మూయిద్దాం అనే పట్టుదలతో వచ్చి, గంటన్నర కూర్చుని వెళ్ళేవారు.

పిన్ని పియానో టీచరు. ముందుగదిలో సగం పియానో, మిగతా సగం పియానో నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ చెప్పులు. గేటు మీద చిన్న బోర్డు: "పియానో నేర్పబడును". ఇలాంటి బోర్డుల మీద పేరు కింద డిప్లొమా అని ఉంటుంది కదా, ఆ బోర్డు మీద ఉండదు. ఎందుకు ఉండదో చెప్పాలి. పిన్ని చెప్పదు కాబట్టి నేనే చెబుతాను. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది కాబట్టి త్వరగా చెబుతాను.

డిప్లొమా పరీక్ష అంటే చిన్న కచేరీ లాంటిది. అభ్యర్థి తనకు నచ్చిన రచనలు ఏరుకుని ఒక కార్యక్రమం కూర్చుకోవాలి. అది ముప్పై అయిదు నిమిషాలకు తగ్గకూడదు, నలభైకి మించకూడదు. తగ్గితే తప్పినట్టే. మించితే పరీక్షకుడు గంట కొడతాడు. అక్కడితో చేతులు తీసేయాలి, వాయించని భాగానికి మార్కులుండవు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మా వైపు పరీక్షా సంఘం వారి ఘనత ఏమిటంటే, గడియారం మొదటి స్వరం దగ్గర మొదలవదు. గది తలుపు దగ్గర మొదలవుతుంది. తలుపు తెరుచుకోగానే ముల్లు కదులుతుంది. ఆ గదేమో బస్సు రెండుసార్లు తిరగగలిగేంత పొడుగు. పియానో ఆ చివర, కిటికీ కింద.

పిన్ని ఆ గదిలోకి వెళ్ళినప్పుడు ఎనిమిదో నెల కడుపుతో ఉంది. నున్నటి నేల మీద, చేయి నడుముకు ఆనించి, మెల్లగా నడిచింది. పొట్టకు చోటు చాలక స్టూలు వెనక్కి జరిపింది. అదంతా కార్యక్రమంలో భాగమేనట! చివరి రచన చివరి పేజీలో ఉండగా గంట మోగింది. ఆవిడ కాగితం మీద "సమయపాలన లేదు" అని రాశారు. కడుపుతో ఉన్న మనిషి నడకని సంగీతంలో కలిపేసి, సంగీతం ఎక్కువైందని తేల్చారు!

పిన్ని ఏమంది? "సరే సార్" అంది. ఏడవలేదు, తిట్టలేదు. తిరిగొచ్చే దారిలో ఒక దుకాణంలోకి వెళ్ళి స్టాప్‌వాచ్ కొనుక్కుంది. మళ్ళీ పరీక్షకి వెళ్ళలేదు. అప్పుడు కడుపులో ఉండి ఆ టైమంతా తినేసిన మా తమ్ముడు మాత్రం ఇప్పటికీ ఎక్కడికీ వేళకి రాడు.

సరే, మంట చల్లారింది. ఇక నవ్వుకుందాం.

డాక్టరు దగ్గరికి వెళ్ళినా అదే వరస. ఆయన మందులు రాసి ఇస్తుంటే, పిన్ని స్టాప్‌వాచ్ చూసి, "మీరు నా వైపు చూసింది నలభై సెకన్లండీ. ఆ కంప్యూటరు వైపు చూసింది ఆరు నిమిషాలు. జబ్బు నాకా, దానికా?" అంది. పాపం ఆ డాక్టరు అప్పటినుంచి పిన్ని వచ్చినప్పుడల్లా కంప్యూటరు కట్టేసి, రెప్ప వెయ్యకుండా ఆవిడనే చూస్తూ కూర్చుంటాడు. ఆవిడకి అదీ ఇబ్బందిగానే ఉందట.

బడి వార్షికోత్సవంలో ముఖ్య అతిథి మైకు పట్టుకుని, వేదికనలంకరించిన పెద్దలకూ, అలంకరించని పెద్దలకూ, వేదిక కట్టినవారికీ వందనాలు చెబుతూ పావుగంట గడిపాడు. ముందు వరసలోంచి పిన్ని లేచి నిలబడింది.

"సార్, అసలు ఎప్పుడండీ?"

ఆయన తడబడి, "అదే... పిల్లలందరూ బాగా చదువుకోవాలి" అన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"అయిదు సెకన్లు. చాలా బాగా మాట్లాడారు" అని చప్పట్లు కొట్టింది. హాలంతా లేచి కొట్టింది. ఆ పెద్దమనిషి తన జీవితంలో అన్ని చప్పట్లు ఎప్పుడూ వినలేదని తర్వాత ఎవరితోనో అన్నాడట.

ఇలాంటి మనిషికి మొగుడుగా మా బాబాయి దొరికాడు. బాబాయి కొసరుతోనే తయారైన మనిషి. "అన్నం తింటారా?" అని అడిగితే, పొద్దున ఏం తిన్నాడో, అది ఎందుకు అరగలేదో, అరగకపోవడం వాళ్ళ వంశంలో ఎప్పుడు మొదలైందో చెప్పి, "తింటాను" అంటాడు. ఆ మాట వచ్చేసరికి పిన్ని తినేసి కంచం కడిగేసి ఉంటుంది.

బాబాయికి ఒక కథ ఉంది. మేక రైలెక్కిన కథ. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఎక్కిన రైలు పెట్టెలోకి ఒక మేక, మనుషులతో పాటు వరసలో నిలబడి ఎక్కిందట. ఎక్కి, ఖాళీగా ఉన్న కిటికీ సీటు చూసి మరీ కూర్చుందట. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా బాబాయి ఈ కథ మొదలుపెడతాడు. పిన్ని స్టాప్‌వాచ్ నొక్కుతుంది. మేక పక్క సీట్లో పెద్దాయన పేపరు చదవడం, ఆ పేపరు అంచుని మేక నమలడం, 'అయ్యో, వార్తలు!' అని పెద్దాయన గోల పెట్టడం, గోల విని టికెట్ కలెక్టరు రావడం... వినేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటారు. బాబాయి గొంతు తగ్గిస్తాడు.

"టికెట్ కలెక్టరు మేక ముందుకొచ్చి నిలబడి, 'టికెట్' అన్నాడు. అప్పుడా మేక మెల్లగా తల తిప్పి, ఆయన మొహంలోకి సూటిగా చూసి..."

"టైం!" అంటుంది పిన్ని.

ఇంతే. ఇంక అంతే. ముప్పై ఏళ్ళలో ఆ మేక తల తిప్పిన తర్వాత ఏం చేసిందో విన్న మనిషి లేడు. బంధువులు బతిమాలారు. పక్కింటివాళ్ళు తలుపు చాటున పొంచి ఉన్నారు. మా అమ్మయితే, "దాన్ని నేను వంటింట్లో మాటల్లో పెడతాను, నువ్వెళ్ళి మీ బాబాయిని అడగవే" అని నన్ను పంపింది. నేను అడిగాను. బాబాయి మేక తల తిప్పాడో లేదో, వంటింట్లోంచి "టైం!" అని వినిపించింది.

"ఏం మనిషివే! ఆయన్ని ఒక్కసారి పూర్తి చెయ్యనివ్వవా?" అని మా అమ్మ దెబ్బలాడింది.

"ఆయనకిచ్చిన టైం అయిపోయింది" అంది పిన్ని. బాబాయేమో ఓడిపోయినవాడిలా కాకుండా, హాయిగా కుర్చీలో వెనక్కి వాలి, "ఏం చేస్తాం, టైం అయిపోయిందిగా" అనేవాడు. అదే నాకు అర్థమయ్యేది కాదు. నోరు నొక్కేసిన మనిషి మొహం అంత ప్రశాంతంగా ఎలా ఉంటుంది?

ఇక టైలరక్క సంగతి.

వీధి చివర దర్జీ దుకాణంలో బట్టలు కుట్టే మనిషి. అందరం టైలరక్క అనేవాళ్ళం. చిన్నప్పటినుంచీ ఎడమకాలు వంగదు, చంకలో కర్ర ఉంటే గాని నడవలేదు. పొద్దున బడిలో పిల్లలు పాడుతుంటే పియానో వాయించడం, మధ్యాహ్నం నుంచి కుట్టుమిషను. పదేళ్ళుగా ఇదే. పిన్ని దగ్గర నేర్చుకునే కొత్తలో పియానో పెడల్ని కుట్టుమిషను పెడల్ అనుకుని ఆపకుండా తొక్కేదట. "జోలపాట వాయించమంటే పరదాలకి అంచులు కుట్టిందే" అని పిన్ని నవ్వేది.

ఆ ఏడాది బడివాళ్ళు ఒక నిబంధన తెచ్చారు. డిప్లొమా ఉన్నవాళ్ళే పియానో ముందు కూర్చోవాలి. పరీక్ష పాసైతే ఉద్యోగం ఖాయం చేస్తారు. లేకపోతే ఆ స్టూలు ఖాళీ చెయ్యాలి. పదేళ్ళు వాయించినప్పుడు గుర్తుకు రాని డిప్లొమా, ఖాయం చెయ్యమని అడగగానే గుర్తొచ్చింది!

"టీచర్ గారూ, నాకొస్తుందంటారా?" అని అడిగింది టైలరక్క.

"సంగీతం నీకెప్పుడో వచ్చింది. ఇప్పుడు చూడాల్సింది గడియారాన్ని" అంది పిన్ని.

నాలుగు రచనలు ఏరారు. వాటి అసలు పేర్లు నోరు తిరగనివి. ఇంట్లో వాటికి వేరే పేర్లుండేవి. మొదటిది "పెద్దమ్మాయి", ఠీవిగా ఉంటుంది. రెండోది "ముగ్గురన్నదమ్ములు", మూడు భాగాలు. మూడోది "జోలపాట". చివరిది "పరుగు". అది వింటుంటే బస్సు వెనకాల మనమే పరిగెడుతున్నట్టుంటుంది.

పిన్ని ఇల్లంతా పరీక్ష గది చేసేసింది. పెరటి గుమ్మం దగ్గర సుద్దముక్కతో గీత, అక్కడ తలుపు తెరుచుకున్నట్టు లెక్క. అక్కడినుంచి వంటిల్లు, హాలు దాటుకుని ముందుగదిలో పియానో దాకా నడిస్తే పరీక్ష గది పొడుగు సరిపోయింది. బాబాయి పరీక్షకుడు. చేతికి గంట ఇచ్చి కూర్చోబెట్టింది. నేను తిరగమోత వేస్తుంటే నా వెనకనుంచి టైలరక్క కర్ర టకటకలాడిస్తూ పరీక్షకి వెళ్ళేది.

మొదటిసారి లెక్క చూస్తే నలభై ఒకటీ చిల్లర. నడకే ఒకటిన్నర నిమిషం పైన తినేసింది.

"త్వరగా నడుస్తాను టీచర్ గారూ."

త్వరగా నడిచింది. ఆయాసంతో చేతులు వణికి, పెద్దమ్మాయి ఠీవి పోయి, పెళ్ళిపందిట్లో తప్పిపోయిన మనిషిలా బిత్తరచూపులు చూసింది.

"వద్దు, మెల్లగానే నడు. పరుగుని కాస్త వేగంగా వాయించు."

పరుగు బోర్లా పడింది.

"జోలపాట తీసేద్దామా?" అన్నాను నేను.

తీసేసి చూస్తే ముప్పై నాలుగున్నర. ముప్పై అయిదు దాటలేదు. ఉంచితే ఎక్కువ, తీస్తే తక్కువ. ఇంకో రచన పెడదామంటే పరీక్ష దగ్గర పడింది.

పిన్ని కొసరు మీద పడింది. స్టూలు ఎత్తు సరిచేసే మర తిప్పడం దండగని, టైలరక్క చేతే సరిగ్గా ఆ ఎత్తుకు దిండు కుట్టించింది. పేజీలు తిప్పడం దండగని అన్నీ బట్టీ పట్టించింది. చివరికి రచనకీ రచనకీ మధ్య టైలరక్క పీల్చే ఊపిరి మీద కన్నేసింది.

"ఈ ఊపిరి కాస్త పొట్టిగా పీలుస్తావా?"

"ఊపిరి కూడా కొసరేనా టీచర్ గారూ?"

పిన్ని తల గోక్కుని, "కాదులే, పీల్చుకో" అంది. పిన్ని జీవితంలో ఒక కొసరుని అసలులో కలపడం నేను చూడటం అదే మొదలు.

గంట పట్టుకున్న బాబాయి వల్ల వచ్చిన సాయం ఏమీ లేదు. పాట వింటూ మైమరచి గంట మోగించడం మర్చిపోయేవాడు. ఒకసారి అంతా అయిపోయి టైలరక్క కర్ర తీసుకుని ఇంటికి వెళ్ళాక, టీ తాగుతూ గుర్తొచ్చి టంగుమనిపించాడు.

ఇంకో సంగతి కూడా అప్పట్లోనే గమనించాను. మిగతా పిల్లల పాఠాల్లో స్టాప్‌వాచ్ పియానో మీద ఠీవిగా నిలబడి ఉండేది. టైలరక్క మామూలు పాఠాల్లో మాత్రం బోర్లా పడుకుని ఉండేది. దుకాణంలో పని ముగించుకుని ఆవిడ ఎప్పుడొస్తే అప్పుడు పాఠం, ఎంతసేపైతే అంతసేపు.

"అదేంటి పిన్నీ, బోర్లా పెట్టావు?"

"ముల్లు అరిగిపోతోందే. దానికీ కాస్త విశ్రాంతి ఉండాలిగా" అంది. నమ్మేశాను.

పరీక్ష రెండ్రోజుల్లో ఉందనగా కూడా లెక్క తెగలేదు. టైలరక్క స్టూలు మీద కూర్చుని, "పోనీలెండి టీచర్ గారూ. గంట మోగేదాకా వాయిస్తాను. మోగితే 'సరే సార్' అని వచ్చేస్తాను" అంది.

పిన్ని మొహం మాడిపోయింది. ఆ రెండు మాటలూ ఎక్కడివో ఆవిడకి తెలుసు.

సరిగ్గా అప్పుడు హాల్లోంచి కిర్రుకిర్రుమని చప్పుడైంది. బాబాయి పడక్కుర్చీలో పడుకునే, చక్రాల బల్ల మీదున్న రేడియోని చేతికర్రతో తన వైపు లాక్కుంటున్నాడు.

"లేచి నాలుగడుగులు వేసి రేడియో దగ్గరికి వెళ్ళలేరటండీ?" అని అరిచింది పిన్ని.

"ఎందుకోయ్? దానికి చక్రాలున్నాయి. నాకు లేవు" అన్నాడు బాబాయి.

పిన్ని హాల్లోకి వెళ్ళింది. రేడియో చక్రాల వైపు చూసింది. తిరిగి ముందుగదిలోకి వచ్చి, వంగి, పియానో కింద చూసింది. లేచి నా వైపు చూసింది. ఆ చూపు చూస్తే నాకు భయమేసింది.

"ఇస్త్రీ ఆవిణ్ణి పిలుచుకురా" అంది.

ఇస్త్రీ ఆవిడ టైలరక్క దుకాణంలోనే పనిచేస్తుంది. ఆవిడ చేతులు మన తొడలంత ఉంటాయి. బొగ్గుల ఇస్త్రీపెట్టెని పుస్తకంలా ఎత్తి పట్టుకుంటుంది.

పరీక్ష రోజు పొద్దున్నే వెళ్ళాం. మొదటి అభ్యర్థి టైలరక్కే. దిండు సరిపోతుందో లేదో చూసుకోవడానికి ముందుగా గదిలోకి వెళ్ళనిస్తారు. కానీ తలుపు దగ్గర సూపరింటెండెంటు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. గదిలో చీమ కదిలినా లేచి చూసే రకం.

పిన్ని బాబాయిని పక్కకి పిలిచింది. భుజం మీద దుమ్ము దులిపింది.

"ఏమండీ, ఆయన్ని ఆ చివర బెంచీ దగ్గరికి తీసుకెళ్ళి మేక కథ చెప్పండి."

"ఎంతసేపు చెప్పను?"

"ఎంతసేపైనా చెప్పండి. ఇవాళ మీకు టైం లేదు. అంటే, లిమిట్ లేదు."

బాబాయి కళ్ళు పెద్దవయ్యాయి. సంతోషమనుకున్నాను నేను. తర్వాత తెలిసింది, అది సంతోషం కాదని.

ఆయన సూపరింటెండెంటుని లేపి, "మీరు రైల్లో ఎప్పుడైనా మేక పక్కన కూర్చున్నారా సార్?" అంటూ నడిపించుకుపోయాడు. మేం లోపలికి దూరాం. ఇస్త్రీ ఆవిడ సంచిలోంచి దుకాణంలో మిగిలిన గుడ్డపీలికలు తీసి పియానో చక్రాల కింద పరిచింది, చప్పుడు కాకుండా. పిన్ని ఒక పక్క, నేను ఒక పక్క, వెనకనుంచి ఇస్త్రీ ఆవిడ. టైలరక్క తలుపు దగ్గర కర్ర మీద వాలి, "కుడి పక్కకి... కాస్త ఎడమకి... బల్ల, బల్ల!" అని దారి చూపించింది.

పియానో కదిలింది. పెళ్ళికూతురు నడిచినట్టు నడిచింది. సగం దూరం వచ్చాక ఒక పీలిక చక్రానికి చుట్టుకుని ఆగిపోయింది. బయటినుంచి బాబాయి గొంతు, సూపరింటెండెంటు నవ్వు వినిపిస్తున్నాయి.

"పేపరు నమిలేసిందా! హహ్హహ్హ! తర్వాత?"

"తర్వాత టికెట్ కలెక్టరు వచ్చాడండీ..."

"అప్పుడే కలెక్టరు వచ్చేశాడా! తొయ్యండే, తొయ్యండి!" అంది పిన్ని. ఆవిడ నుదుటి మీద చెమట.

"రానీ పిన్నీ. ఇవాళైనా ఆ మేక ఏం చేసిందో తెలుస్తుంది" అన్నాను.

"నోర్ముయ్యి, తొయ్యి!"

ఇస్త్రీ ఆవిడ ఒక్క ఊపు ఊపింది. పియానో పీలికతో సహా జారుకుంటూ వచ్చి తలుపు పక్కన ఆగింది. అదే క్షణంలో బయట బాబాయి గొంతు తగ్గింది.

"అప్పుడా మేక మెల్లగా తల తిప్పి, ఆయన మొహంలోకి సూటిగా చూసి..."

"ఆఁ, చూసి?" అన్నాడు సూపరింటెండెంటు.

"చూసి..." అన్నాడు బాబాయి. "సూటిగా... చూసి..."

నేను చెవులు రిక్కించాను. పిన్ని మాత్రం గది పొడుగునా ఆ చివరికి పరిగెత్తింది. పిన్ని పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. కిటికీ దగ్గర పరీక్షకుడి బల్ల మీదున్న గంట, ఒకప్పుడు తనని చివరి పేజీలో ఆపేసిన ఆ గంటే, అందుకుని బలంకొద్దీ టంగుమని కొట్టింది.

"టైం!" అని బయటినుంచి బాబాయి ఆనందంగా కేకేశాడు. "ఏం చేస్తాం సార్, టైం అయిపోయిందిగా!"

సూపరింటెండెంటు పరిగెత్తుకొచ్చి, తలుపు తీసి, పియానోకి గుద్దుకున్నాడు.

"ఇదేంటి! ఇదిక్కడికెలా వచ్చింది?"

"మేక రైలెక్కగా లేనిది, పియానో నాలుగడుగులు నడవకూడదా అన్నా?" అంది ఇస్త్రీ ఆవిడ.

ఈ గొడవలోకి పరీక్షకుడు వచ్చాడు. తెల్లజుట్టు, చేతిలో గడియారం, ముక్కు మీద కోపం.

"ఎవరు చేశారు ఈ పని?"

పిన్ని ముందుకొచ్చింది. "నేనే సార్. మీ గడియారం తలుపు దగ్గర మొదలవుతుంది. ఈవిడ కాలు అంత త్వరగా నడవలేదు. పియానోకి చక్రాలున్నాయి సార్. ఈవిడ కాలికి లేవు."

"నిబంధన..."

"నిబంధన ప్రకారమే సార్. పియానో ఎక్కడ ఉండాలో మీ నిబంధనల్లో ఉంటే చూపించండి, ఎక్కడిదక్కడ పెట్టేస్తాం."

సూపరింటెండెంటు నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిరగేశాడు. అభ్యర్థి గోళ్ళు ఎంత ఉండాలో ఉంది. పియానో ఎక్కడ ఉండాలో లేదు.

"మరి నేనెక్కడ కూర్చోవాలి? నా బల్ల అంత దూరంలో ఉంది" అన్నాడు పరీక్షకుడు, కాస్త బేలగా.

"కుర్చీ తేలికే సార్. తెచ్చి వేస్తాను" అంది పిన్ని.

ఆయన పిన్నిని చూశాడు. టైలరక్క కర్రని చూశాడు. తలుపు దగ్గర వీస్తున్న గాలిని కాసేపు అనుభవించాడు. "సరేనమ్మా" అన్నాడు.

ఈసారి "సరే" అన్నది అటువైపు మనిషి! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. పిన్ని కొరకొరా చూసింది.

మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశారు. తెరిచారు. టైలరక్క లోపలికి అడుగు పెట్టి, రెండో అడుగులో స్టూలు అందుకుంది. పెద్దమ్మాయి ఠీవిగా వచ్చింది. ముగ్గురన్నదమ్ములూ గొడవపడకుండా వచ్చి వెళ్ళారు. జోలపాటకి సూపరింటెండెంటు తల వాల్చాడు. మధ్యమధ్యలో ఊపిరి, తీరిగ్గా, నిండుగా. తర్వాత పరుగు. నేను పిన్ని చేయి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. గంట మోగుతుందా, మోగుతుందా... చివరి స్వరం వినిపించింది. తర్వాత ఇంకేమీ వినిపించలేదు. గంట నోరెత్తలేదు.

"ఎంతైంది పిన్నీ?"

పిన్ని మెళ్ళో స్టాప్‌వాచ్ చూసుకుంది. సున్నా దగ్గరే ఉంది.

"నొక్కడం మర్చిపోయానే" అంది.

తిరుగు బస్సులో బాబాయి కిటికీకి తల ఆనించి గుర్రుపెడుతున్నాడు. నేనూరుకుంటానా?

"పిన్నీ, ఇంక చెప్పెయ్యి. ఒక్క నిమిషం ఆగి గంట కొడితే నీ సొమ్మేం పోయేది? ఆ మేక ఏం చేసిందో తెలిసేది కదా."

పిన్ని బాబాయి వైపు చూసి, గొంతు తగ్గించింది. "మేక ఏం చేసిందో ఆయనకీ తెలీదే."

"అదేంటి!"

"మేక తల తిప్పిందట. అంతలో ఈయన దిగాల్సిన స్టేషన్ వచ్చిందట. దిగిపోయారు. అంతే కథ. పెళ్ళైన కొత్తలో ఒకసారి తన వైపు బంధువులందరి ముందూ చివరిదాకా చెప్పారు. 'ఈ మాత్రం దానికా ఇంతసేపు?' అని ఎవరో అన్నారు. అందరూ లేచి వెళ్ళిపోయారు. ఈయన మొహం చూడాలి అప్పుడు..." ఆగి, ఆయన భుజం మీంచి జారిన తువ్వాలు సరిచేసింది. "స్టాప్‌వాచ్ కొన్నాక దాన్ని ఏం చేసుకోవాలో తెలీలేదు. ఆ మేక తల తిప్పగానే 'టైం' అన్నాను. వినేవాళ్ళంతా నన్ను తిట్టుకున్నారు, ఆయన్ని 'తర్వాతేమైంది, తర్వాతేమైంది' అని బతిమాలారు. బాగుందనిపించింది. అప్పట్నుంచి అక్కడే ఆపుతున్నా."

బాబాయి కళ్ళు తెరవకుండానే, "బాగానే ఆపుతావోయ్. ఇవాళే కాస్త ఆలస్యం చేశావు, గుండె ఆగిపోయింది" అన్నాడు.

టైలరక్క పాసైంది. బడిలో ఉద్యోగం ఖాయమైంది. ఆ డిప్లొమాకి చట్రం కట్టించి దుకాణంలో కత్తెరల పక్కన తగిలించింది. దాని మీద పరీక్షకుడు రాసిన మాట: "సమయపాలన ప్రశంసనీయం". పిన్ని వెళ్ళినప్పుడల్లా ఆ మాట దగ్గర నిలబడి చదువుకుని వస్తుంది. ఎంతసేపు చదువుతుందో లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ పరీక్షా సంఘం వారు ఈ ఏడు ఒక గొప్ప సంస్కరణ చేశారు. గడియారం మార్చలేదు. పియానో చక్రాలు పీకేశారు.

అందుకని అడుగుతున్నాను. మీ ఊళ్ళోనూ పరీక్షలు పెట్టేవాళ్ళుంటారు. వాళ్ళ గడియారం ఎక్కడ మొదలవుతుందో వెళ్ళి చూడండి. తలుపు దగ్గరైతే ఒక ఉత్తరం రాయండి: "మొదటి స్వరం నుంచి లెక్కపెట్టండి." అంతే, ఒక్క వాక్యం. క్షేమసమాచారాలూ, వందనాలూ వద్దు, అదంతా కొసరు. మాకిక్కడ ఉత్తరాలతో పని జరక్కపోతే ఇస్త్రీ ఆవిడ సిద్ధంగానే ఉంది. చక్రాలు లేకపోతే ఎత్తుకొస్తానంటోంది.

ఇంకొక్కటి. ఎప్పుడైనా మా బాబాయి కనిపించి మేక కథ మొదలుపెడితే, హాయిగా వినండి, నవ్వండి. మేక తల తిప్పగానే మాత్రం, దయచేసి, చేతి గడియారం చూసుకుని లేచి నిలబడండి.